విపాశ ఒడ్డున: విద్యార్థి యాత్రలు, కళాశాలల బాధ్యత

మహాభారతము ఆదిపర్వమున వసిష్ఠ మహర్షి కథ యొకటి కలదు. నూర్గురు కుమారులను పోగొట్టుకొన్న ఆ తండ్రి దుఃఖము నోర్వలేక, తన దేహమును త్రాళ్లతో బిగించి కట్టుకొని ఒక యేటిలో దుమికెను. ఏరు ఆ కట్లు త్రెంచి మునిని ఒడ్డునకు చేర్చెను. పాశములను విడిపించినది గనుక దానికి విపాశ యను పేరు వచ్చెనని కథ. హిమాలయములలో పుట్టి, కులూ లోయగుండ దిగి, మండి పట్టణము ప్రక్కగా ప్రవహించి పంజాబు మైదానమును చేరు ఆ నదినే నేడు బియాస్ అనుచున్నారు.

2014 జూన్ 8వ తేదీ, ఆదివారము. తెలంగాణ రాష్ట్రమేర్పడి ఆరు దినములైనది. హైదరాబాదులోని ఒక ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు అధ్యాపకులతో కూడ ఉత్తరదేశ యాత్రకు వెడలి, మనాలికి పోవుచు, మండి జిల్లాలో థలౌట్ అను చోట బస్సులు ఆపుకొని నదిలోనికి దిగిరి. నీరు తక్కువగా నుండెను. బండలు పైకి తేలియుండెను. వారు ఆ బండలపై నిలిచి ఫొటోలు తీసికొనుచుండగా ఎగువనున్న లార్జీ జలవిద్యుత్కేంద్రపు ఆనకట్ట తలుపులు తెరచిరి. చూచుచుండగనే ఏరు పొంగెను. 24 మంది విద్యార్థులు కొట్టుకొనిపోయిరి. యాత్రకు ఏర్పాట్లు చూచు మనిషి యొకడును వారితో పోయెను. దేహములను వెదకుటకే వారములు పట్టినది. ఈమారు విపాశ ఎవరినీ ఒడ్డునకు చేర్చలేదు.

ఆ దినములలో మన యిండ్లలో ఒకే ప్రశ్న. దీనికి పూచీ ఎవరిది? నీరు వదలినవారిదా? పిల్లలను తీసికొనిపోయినవారిదా? పందొమ్మిది, ఇరువది యేండ్లు వచ్చి, తమంతట తామే ఏటిలో దిగిన ఆ పిల్లలదా? హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు 2016 జనవరిలో దీనికి అంకెలలో జవాబు చెప్పినది. ఆ అంకెలు ఎట్లు వచ్చినవో తెలియవలెనన్నచో నూటయేబది సంవత్సరములకు పైగా వెనుకకు పోవలసియున్నది. ప్రపంచమున పలుచోట్ల న్యాయమూర్తులు ఈ ప్రశ్ననే ఎదుర్కొని, ఒకరొక విధముగా, మరియొకరు దానికి పూర్తిగా విరుద్ధముగా తీర్పు చెప్పియున్నారు.

పూర్వపు ఇంగ్లీషు న్యాయమున ఒక వింత యుండెడిది. ఒకని అశ్రద్ధవలన మరియొకనికి కాలు విరిగినచో నష్టపరిహారమునకు దావా వేయవచ్చును. ప్రాణమే పోయినచో దావా లేదు. మనిషితోపాటు వ్యాజ్యమును చచ్చినట్లే. రైళ్లు వచ్చి ప్రమాదములు పెరిగిన పిమ్మట 1846లో బ్రిటిషు పార్లమెంటు ఈ లోపమును సవరించినది. మన దేశములో 1855వ సంవత్సరపు 13వ చట్టము మృతుని భార్యకు, భర్తకు, తల్లిదండ్రులకు, బిడ్డలకు ఆ హక్కును తెచ్చిపెట్టినది. 1870లో శిక్షాస్మృతిలో 304-ఎ సెక్షను చేరినది. నిర్లక్ష్యముచేత మరణము కలిగించినవానికి రెండేండ్ల వరకు ఖైదు దానిలోని శిక్ష. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షనులో దానిని ఐదేండ్ల వరకు పెంచిరి. కనుక బిడ్డను పోగొట్టుకొన్న తండ్రికి న్యాయస్థానపు తలుపు ఎన్నడో తెరచుకొన్నది. కాని లోపలికి పోయిన పిదప ఎవరిని చూపించి, ఏమని చెప్పవలెను? అసలు చిక్కు అక్కడనే.

గురువు బాధ్యతను గూర్చిన పెద్ద మాట యొకటి 1893లో ఇంగ్లండులో వెలువడినది. ఒక బడిలో భాస్వరము గల సీసాను పిల్లలకు అందు తావున ఉంచిరి. పిల్లలు దానిని చేజిక్కించుకొనిరి. అది మండి ఒక బాలునికి ఒడలు కాలినది. విలియమ్స్, ఈడీ అనువారి మధ్య నడచిన ఆ వ్యాజ్యమున అప్పీలు న్యాయస్థానము, జాగ్రత్తగల తండ్రి తన బిడ్డలయెడ ఎంత శ్రద్ధ వహించునో ఉపాధ్యాయుడు శిష్యులయెడ అంత శ్రద్ధ వహింపవలెనని చెప్పినది. పిల్లలు అల్లరి చేయుట సహజము. ఆ సహజమును ముందుగా లెక్కలోనికి తీసికొనుటయే గురువు పని. ‘వద్దన్నను ముట్టుకొన్నాడు’ అనుట ఆయనకు చాలినంత సమాధానము కాదు. ఇది చదివినపుడు మన పల్లెటూరి పంతుళ్లకు ఏ న్యాయస్థానమూ చెప్పకయే ఈ సంగతి తెలిసియుండెనని నాకు తోచును. చెరువుగట్టున నడచునపుడు వారు పిల్లలను ముందు నడువనిచ్చి తాము వెనుక నడచెడివారు.

అమెరికాలో ఈ ‘తండ్రి స్థానము’ అను మాటయే వేరొక రూపము తాల్చినది. కెంటకీ రాష్ట్రమున బెరియా కళాశాల యని యొకటి కలదు. తన విద్యార్థులు ఊరిలోని ఫలానా భోజనశాలలకు పోరాదని ఆ కళాశాల నియమము చేసినది. వ్యాపారము దెబ్బతిన్న హోటలు యజమాని న్యాయస్థానమున కెక్కెను. 1913లో అక్కడి న్యాయమూర్తులు కళాశాల తల్లిదండ్రుల స్థానమున నున్నది గనుక విద్యార్థుల క్షేమమునకై ఇట్టి కట్టడి చేయవచ్చునని తీర్పు చెప్పిరి. ఇంగ్లండులో తండ్రి స్థానము గురువునకు బరువైనది. అమెరికాలో అది కళాశాలకు చేతికర్ర యైనది. పైగా చాల కళాశాలలు ధర్మసంస్థలు. ధర్మసంస్థపై నష్టపరిహారపు దావా చెల్లదను సిద్ధాంతము 1876లో మాసచూసెట్స్ ఆసుపత్రి యొకదాని వ్యాజ్యముతో అమెరికాలో వేళ్లూనినది. పుణ్యకార్యమునకు ఇచ్చిన ధనమును పరిహారములకు ఖర్చుపెట్టరాదని వాదము. ఆజ్ఞాపించు అధికారము పూర్తిగా కలదు, జవాబు చెప్పు బాధ్యత ఇంచుమించు లేదు. ఇంతకంటె సుఖమైన స్థానము ఏ సంస్థకు కావలెను! 1942లో జార్జిటౌన్ కళాశాలకు చెందిన ఆసుపత్రి వ్యాజ్యముతో ఆ రక్షణకవచము బీటలువారి, తరువాతి దశాబ్దములలో రాష్ట్రము వెంట రాష్ట్రముగా ఊడిపోయినది.

ఈలోపల విద్యార్థులు కొండలెక్కుట మొదలిడిరి. 1909లో న్యూ హాంప్‌షైరు రాష్ట్రములోని డార్ట్‌మత్ కళాశాలలో ఫ్రెడ్ హారిస్ అను విద్యార్థి, దీర్ఘమైన మంచుకాలమంతయు గదులలో ముడుచుకొని కూర్చుండుటేల, స్కీలు కట్టుకొని బయటికి పోదము రమ్మని తోటివారిని పిలిచెను. అట్లు ఏర్పడిన సంఘము నేటికిని ఉన్నది. ఇతర కళాశాలలు దానిని చూచి తామును సంఘములు పెట్టినవి. పడవలు, డేరాలు, కొండలెక్కు త్రాళ్లు గ్రంథాలయపు పుస్తకములవలె విద్యార్థులకు అరువిచ్చు ఏర్పాట్లు కూడ వచ్చినవి.

అప్పుడు కాలము మారినది. భోజనశాలలలో జాతివివక్షకు ఎదురు నిలిచిన నీగ్రో విద్యార్థులను అలబామాలో ఒక ప్రభుత్వ కళాశాలనుండి విచారణ లేకుండ వెళ్లగొట్టగా, 1961లో ఫెడరల్ అప్పీలు న్యాయస్థానము అది చెల్లదన్నది. 1971లో పదునెనిమిదేండ్లవారికి ఓటు వచ్చినది. మేము పిల్లలము కాము, మాకు కళాశాల తండ్రి కాదు, అని విద్యార్థులు కోరిరి, దేశము ఒప్పుకొన్నది. దీని ఫలితము వినోదయాత్రలలో కనబడుటకు ఎంతయో కాలము పట్టలేదు. పెన్సిల్వేనియాలో ఒక కళాశాల రెండవ సంవత్సరపు విద్యార్థులు వనభోజనమునకు పోయిరి. బీరు కొనుటకు ఇచ్చిన చెక్కుపై అధ్యాపకుడు కూడ సంతకము చేసెను. తిరిగి వచ్చునపుడు త్రాగిన విద్యార్థి నడిపిన కారు ప్రమాదమునకు లోనై, దానిలోని మరియొక విద్యార్థి అవిటివాడయ్యెను. 1979లో అప్పీలు న్యాయస్థానము కళాశాలకు బాధ్యత లేదన్నది. స్వేచ్ఛ కోరినవారు దాని బరువు కూడ మోయవలెనని దాని సారాంశము.

1986లో యూటా రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము ఇంకను ముందుకు పోయినది. విశ్వవిద్యాలయపు జీవశాస్త్ర తరగతివారు కొండలలో శాస్త్రపరిశీలనకై డేరాలు వేసిరి. రాత్రివేళ మత్తులో నున్న ఇరువది యేండ్ల విద్యార్థిని దారి తప్పి పడిపోయెను. తెల్లవారినగాని ఎవరికిని కనబడలేదు. ఆమెకు కాళ్లు చేతులు చచ్చుపడినవి. ఆమె వయసు వచ్చిన మనిషి గనుక ఆమెను కనిపెట్టియుండు ప్రత్యేక విధి విశ్వవిద్యాలయమునకు లేదని తీర్పు. యాత్ర పాఠ్యక్రమములోనిదే, వెంట అధ్యాపకుడున్నాడు. అయినను అంతే. తీర్పులోని తర్కము నాకు అర్థమగుచున్నది గాని, తెల్లవారువరకు ఒక మనిషి డేరాలో లేదని తెలియకపోవుట మాత్రము మ్రింగుడుపడదు. ఆ గాలి తరువాత కొంత మళ్లినది. 2018లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, ప్రయోగశాలలో ఒక విద్యార్థిని కత్తిపోట్లకు గురియైన వ్యాజ్యమున, పాఠ్యక్రమపు పనులలో విశ్వవిద్యాలయమునకు విద్యార్థులయెడ రక్షణవిధి కలదని చెప్పినది.

న్యాయము ఇట్లు ఊగుచుండగా కళాశాలలు తమ జాగ్రత్త తాము చూచుకొన్నవి. ఒక దారి విచిత్రమైనది. ఆరెగాను విశ్వవిద్యాలయము మొదలైన పశ్చిమరాష్ట్రపు విద్యాసంస్థలలో ‘సమష్టి సాహసము’ అను పద్ధతి వెలసినది. యాత్రను కళాశాల ఏర్పరుపదు. పోదలచినవారు నోటీసుపలకపై తమ పేర్లు వ్రాసికొని, ఖర్చులు పంచుకొని, నిర్ణయములన్నియు కలిసి చేసికొందురు. జీతము తీసికొను నాయకుడు లేడు. నాయకుడు లేడు గనుక నాయకుని తప్పు అను మాట పుట్టదు. ఇది బాధ్యతను తప్పించుకొను ఎత్తు అని కొందరనిరి. నేనట్లు అనుకొనను. యాత్రికుడు తాను ఎక్కడికి పోవుచున్నాడో, ఏ ప్రమాదమున్నదో ముందుగా తెలిసికొని, అందరితో కూర్చుండి చర్చించినపుడు, తన నిర్ణయమునకు తాను పూచీపడుట న్యాయమే. ఆ తెలివిడి లేనిచోటనే ఈ పద్ధతి వట్టి నటన యగును.

రెండవ దారి మనకందరకు పరిచితమైనది, కాగితము. ‘యాత్రలో ఏమి జరిగినను కళాశాలకు బాధ్యత లేదు’ అని తండ్రిచేతనో విద్యార్థిచేతనో సంతకము చేయించుకొనుట. దీనిపై న్యాయస్థానములకు మొదటినుండి అనుమానమే. 1963లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, విశ్వవిద్యాలయపు ఆసుపత్రి ఒక రోగిచేత చేరునపుడే వ్రాయించుకొన్న అట్టి పత్రము చెల్లదన్నది. వేరు గతిలేనివానిచేత చేయించిన సంతకము స్వేచ్ఛతో చేసినది కాదు. ఆటలకు, సాహసవినోదములకు మాత్రము అక్కడి న్యాయస్థానములు అట్టి పత్రములను చాలవరకు ఒప్పుకొన్నవి. ఎవరును బలవంతముగా కొండ యెక్కరు గదా! అయితే 2007లో అదే న్యాయస్థానము, వేసవి శిబిరములో ఈతకొలనున మునిగి మరణించిన బాలిక వ్యాజ్యమున, ఘోరమైన నిర్లక్ష్యమునకు ఏ సంతకమును రక్షణ కాదని హద్దు గీచినది. ఇంగ్లండు ఇంకను గట్టిది. 1977నాటి చట్టము ప్రకారము అశ్రద్ధవలన కలిగిన మరణమునకు, గాయమునకు వ్యాపారసంస్థ యేదియు కాగితము చూపి తప్పించుకొనలేదు.

మన దేశపు సంగతి. 1872నాటి ఒడంబడికల చట్టము 23వ సెక్షను ప్రజాహితమునకు విరుద్ధమైన ఒప్పందమును చెల్లనీయదు. 1903లో ప్రీవీ కౌన్సిలు మొహరీ బీబీ వ్యాజ్యమున, మైనరు చేసిన ఒడంబడిక మొదటినుండియు శూన్యమని తేల్చినది. మన ఇంటర్మీడియేటు విద్యార్థులలో పెక్కుమందికి పదునెనిమిదేండ్లు నిండవు. వారి సంతకమునకు ఏపాటి విలువ? తండ్రి సంతకము అనుమతికి సాక్ష్యము కావచ్చును. బిడ్డ ప్రాణముపై ఇతరులు చేయు అశ్రద్ధకు ఆయన ముందుగా క్షమాభిక్ష పెట్టినట్లు మాత్రము కాదు. అయినను ఈ కాగితములు ప్రతి యేడు అచ్చగుచునేయున్నవి. వాటిని అచ్చువేయించుటతో తమ పని ముగిసినదని భ్రమించు కార్యాలయములున్నవి. నా దృష్టిలో వాటివలన కలుగు పెద్ద కీడు అదియే.

ఇప్పుడు ఇంగ్లండు దక్షిణతీరమునకు పోదము. 1993 మార్చి 22. ప్లిమత్ నగరపు పాఠశాల విద్యార్థులు ఎనిమిదిమంది, ఒక ఉపాధ్యాయుడు, ఒక వినోదకేంద్రపు శిక్షకులు ఇరువురు లైమ్ అఖాతమున సన్నని తెడ్డుపడవలలో బయలుదేరిరి. గాలి వారిని నడిసముద్రమునకు నెట్టినది. పడవలు మునిగినవి. సహాయమునకు సంకేతమిచ్చు దీపబాణములు కూడ వారియొద్ద లేవు. చల్లని నీటిలో గంటలకొలది కొట్టుమిట్టాడి నలుగురు విద్యార్థులు మరణించిరి.

విచారణలో ఒక ఉత్తరము బయటపడినది. అంతకు ముందటి సంవత్సరమే ఆ కేంద్రమున పనిచేసి మానుకొన్న శిక్షకులు ఇద్దరు యజమానికి, ఇక్కడి భద్రత చాలదు, సరిచేయనిచో ఒకనాడు ఎవరి బిడ్డయో ఇల్లు చేరదు, అను భావముతో హెచ్చరిక వ్రాసియుండిరి. ఆ ఉత్తరము ఆయనకు చేరినది. ఏమియు మారలేదు.

దీని ప్రాముఖ్యమును గ్రహించుటకు చిన్న వివరణము కావలెను. ఆ కాలమున అక్కడ ఒక కంపెనీని నరహత్యకు శిక్షింపవలెనన్నచో దాని ‘మనస్సు’ వంటి అధికారి యొకడు స్వయముగా దోషియని నిరూపింపవలసియుండెను. 1987లో 193 మంది ప్రాణములు తీసిన ఓడప్రమాదమునకు సంబంధించి ఒక పెద్ద నౌకాసంస్థపై నడచిన అభియోగము 1990లో వీగిపోవుటకు కారణమిదే. అంత పెద్ద సంస్థలో మనస్సెక్కడనున్నదో దొరకలేదు. లైమ్ అఖాతపు కేంద్రమును నడపిన సంస్థ చిన్నది. దాని మనస్సు ఆ యజమానియే. ఆ మనస్సునకు విషయము తెలిసియుండెనని చెప్పుటకు ఉత్తరమే సాక్షి. 1994 డిసెంబరులో సంస్థకు 60,000 పౌనుల జరిమానా, యజమానికి మూడేండ్ల ఖైదు పడినవి. అప్పీలులో ఖైదు రెండేండ్లకు తగ్గినది. ఇంగ్లండులో ఒక కంపెనీ నరహత్యకు శిక్షపడుట అదియే మొదటిమారు. మరుసటి యేడు, 1995లో, బాలబాలికలకు సాహసక్రీడలు నేర్పు కేంద్రములు లైసెన్సు పొందవలెనని పార్లమెంటు చట్టము చేసినది.

అదే 1995లో, మే 28న, మన బియాస్ నదిలో మొదటి దుర్ఘటన జరిగినది. పఠాన్‌కోట్ ప్రాంతపు ఒక పాఠశాలవారు పిల్లలను నదీతీరమునకు వనభోజనమునకు తీసికొనిపోయిరి. 14 మంది పిల్లలు మునిగిపోయిరి. హిమాచల్ హైకోర్టు ఒక్కొక్క కుటుంబమునకు 5 లక్షల రూపాయల పరిహారము విధించినది. పాఠశాలవారు సుప్రీంకోర్టునకు పోయిరి. 2001లో ఆ న్యాయస్థానము పరిహారమును స్థిరపరచినది. ఉపాధ్యాయుల అశ్రద్ధకు వారిని నియమించిన యాజమాన్యము జవాబు చెప్పవలెనని, బడి ప్రహరీగోడతో ఆ విధి ఆగదని ఆ తీర్పువలన స్థిరపడినది. 1893నాటి ‘జాగ్రత్తగల తండ్రి’ నూరేండ్లు దాటిన పిమ్మట బియాస్ ఒడ్డునకు వచ్చి నిలిచెనన్నమాట.

కాని వారు పసిపిల్లలు. 2014లో పోయినవారు వయసు వచ్చినవారు. యూటా న్యాయమూర్తులను అడిగియుండినచో ఏమనియుందురో మనము ఊహింపవచ్చును. హిమాచల్ హైకోర్టు మాత్రము, ఎవరును దావా వేయకమునుపే, తనంతట తానుగా వ్యవహారమును చేపట్టినది. 2016 జనవరిలో తీర్పు వచ్చినది. ఒక్కొక్క విద్యార్థి తల్లిదండ్రులకు 20 లక్షల రూపాయలు. దానిలో 60 పాళ్లు రాష్ట్ర విద్యుచ్ఛక్తి బోర్డు, 30 పాళ్లు కళాశాల, 10 పాళ్లు రాష్ట్ర ప్రభుత్వము భరింపవలెను. అనగా ఒక్కొక్క ఇంటికి బోర్డు 12 లక్షలు, కళాశాల 6 లక్షలు, ప్రభుత్వము 2 లక్షలు. 24 కుటుంబములకు మొత్తము 4 కోట్ల 80 లక్షలు.

ఈ అంకెలను నేను పలుమారులు చూచితిని. బిడ్డకు వెల కట్టుటగా కాదు. తెలిసికొనవలసిన సంగతి ఎవరియొద్ద ఎంత యుండెనో పంచిచూపిన పట్టికగా.

లార్జీ కేంద్రమున ఏటి నీటిని పెద్దగా నిలువజేయు జలాశయము లేదు. దాని సామర్థ్యము 126 మెగావాట్లు. పైనుండి వచ్చు నీటిని కొద్దిగా ఆపి, సొరంగముగుండ యంత్రములకు పంపుదురు. కరెంటు అవసరము తగ్గి యంత్రములను నెమ్మదింపజేసినపుడు ఆ నీరు వేరొక దారిన పోవలసినదే; ఆనకట్ట తలుపులే ఆ దారి. జూన్‌లో మంచు కరగి వచ్చు ప్రవాహము ఎక్కువ. కాబట్టి ఒక గంటకు ముందు బండలు తేలియున్న చోట మరుగంటకు నిలువెత్తు నీరుండుట ఆ నదికి నిత్యకృత్యము. ఈ సంగతి తలుపులు తిప్పువానికి తెలియును. దిగువనున్న ఊరివారికి తెలియును. తగినంత హెచ్చరిక చేయవలసినది, చేయనిది ఎవరో వారే 60 పాళ్లకు కర్తలైరి.

ఇక హైదరాబాదునుండి వచ్చిన ఇరువది యేండ్ల కుర్రవానికి ఇది తెలియునా? కృష్ణా గోదావరుల ఒడ్డున పుట్టిన మనకు తెలిసిన వరద వేరు. అది ముందు ఎర్రబడును, నురగ తెచ్చును, గట్టునున్న వారికి మూటాముల్లె సర్దుకొను వ్యవధినిచ్చును. నిర్మలముగా, మోకాలిబంటిగా పారుచున్న ఏరు ఒక్కమారుగా లేచి మీదపడునని మనవారి అనుభవములో లేదు. యూటాలో పడిపోయిన విద్యార్థినికి రాత్రి, కొండ, మత్తు మూడును తెలిసినవే. థలౌట్‌లో నిలిచిన విద్యార్థికి ఆనకట్ట కంటికే కనబడలేదు. వయసు వచ్చినవాడు తన ప్రమాదమునకు తానే పూచీ అనుట, అతనికి ప్రమాదము కనబడినపుడు మాత్రమే న్యాయము. కనబడనపుడు వెంటనున్న పెద్దలు కనుగొనియుండవలెను. స్థానికుని ఒక్కనిని అడిగినచో చాలును. ఆ అడుగకపోవుటయే 30 పాళ్లు అని నా భావము.

దీనిని చూచి భయపడి యాత్రలే మానవలెనను వారున్నారు. బియాస్ దుర్ఘటన తరువాత మన ప్రాంతపు తల్లిదండ్రులలో ఆ మాట గట్టిగా వినవచ్చినది, వారిని తప్పుపట్టలేము. కాని న్యాయము అంతదూరము పొమ్మనలేదు. ఇంగ్లండులో 1995లో పదునెనిమిదేండ్ల యువకుడొకడు ఉద్యానవనపు కొలనులో లోతు తక్కువైన చోట తలక్రిందుగా దుమికి మెడ విరుగగొట్టుకొనెను. ఈతకు నిషేధమని పలకలున్నవి. దావా ప్రభువుల సభవరకు పోయినది. 2003లో వారు పురపాలక సంఘమునకు బాధ్యత లేదనిరి. ప్రమాదము ఎవరికైనను కనబడునదే. ఒకని తొందరపాటునకై కొలనుగట్టున ఆడుకొను వేలమంది సంతోషమును మూసివేయుట తగదు. 2006లో వచ్చిన చట్టము, జాగ్రత్త పేరుతో మేలైన పనులు నిలిచిపోవునా యని కూడ న్యాయమూర్తి ఆలోచింపవచ్చునని చెప్పినది. ఈ తీర్పును బియాస్ తీర్పు ప్రక్కన పెట్టి చూచినచో వైరుధ్యము లేదు. కొలను కనబడుచుండెను, ఆనకట్ట కనబడలేదు.

మన దేశమున విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2015లో విద్యార్థుల భద్రతను గూర్చి మార్గదర్శక సూత్రములను కళాశాలలకు పంపినది. మంచిదే. ఒక కళాశాల నిజముగా బాధ్యతను నిర్వహింపదలచినచో మొదట కావలసినది న్యాయవాది కాదు, పోబోవు దారిని ఎరిగిన మనిషి. ముందుగా ఒక అధ్యాపకుడు ఆ మార్గమున పోయి చూచి రావలెను. లేదా ఆ జిల్లా అధికారికి ఉత్తరము వ్రాసి జవాబు తెప్పించుకొనవలెను. బస్సు ఎక్కడ ఆగవలెనో డ్రైవరు గాని, టిక్కెట్లు అమ్మినవాడు గాని నిర్ణయింపరాదు. ఎక్కిన ప్రతిమారును తలలు లెక్కించు వ్యక్తి ఒకడుండవలెను. అతడు ఫొటోలు తీయుటలో మునిగియుండరాదు. నీటియొద్ద ఆగినచో, అచ్చటి మనిషి చెప్పువరకు ఎవరును దిగరాదు. వీటిలో ఏదియు ఖర్చుతో కూడినది కాదు. ఏదియైన జరిగి వ్యాజ్యము వచ్చినపుడు న్యాయమూర్తి అడుగునవి కూడ ఇవియే. కొందరు కార్యాలయపువారు వీనిని కాగితముపై వ్రాసియుంచినచో తరువాత తమకే చుట్టుకొనునని వెనుదీయుదురు. లైమ్ అఖాతపు ఉత్తరమును తలచుకొన్నచో ఆ భయము ఎక్కడినుండి వచ్చినదో తెలియును. అయినను ఆ యజమానిని జైలుకు పంపినది ఉత్తరముండుట కాదు, ఉత్తరము చదివి ఊరకుండుట.

సెలవులు వచ్చుచున్నవి. మీ యింటికి కూడ కళాశాలనుండి ఆ అచ్చుకాగితము వచ్చును. క్రింద చుక్కల గీతపై తండ్రిగాని తల్లిగాని సంతకము చేయవలెను. కలము తీయుటకు ముందు కార్యాలయమునకు ఫోను చేసి అడుగవచ్చును: దారిలో ఏ యే నదులున్నవి, వాటి ఎగువ ఆనకట్ట కలదా, దాని తలుపులు ఎప్పుడు తెరతురో చెప్పు మనిషి పేరేమి, వెంట వచ్చు అధ్యాపకులలో అతనితో మాటలాడినది ఎవరు. జవాబు చెప్పగలవారు ఆ పూట లేరన్నచో, సంతకమును మరునాటికి వాయిదా వేసికొనవచ్చును.